గుండ్రని చర్చి కొత్త పోకడ కాదు

సంపాదకులకు నమస్కారం.

చర్చి కట్టడాల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో, గుండ్రని చర్చిలు ఇటీవలి వాస్తుశిల్పుల ప్రయోగమని రాశారు. అది సరికాదు. యెరూషలేములో క్రీస్తు సమాధి చుట్టూ నాలుగో శతాబ్దంలోనే గుండ్రని కట్టడం లేచింది. సమాధి నడుమ ఉండగా భక్తులు చుట్టూ నిలిచి ప్రార్థించేందుకు ఆ ఆకారమే అనువైంది. ఆ పోలికతోనే టెంప్లర్లు అనే క్రైస్తవ సన్యాసి యోధులు లండన్‌లో కట్టుకున్న చర్చికి 1185లో ప్రతిష్ఠ జరిగింది. 1941 బాంబు దాడిలో దాని పైకప్పు కాలిపోయినా, మళ్లీ బాగుచేసుకుని నేటికీ అందులో ఆరాధన జరుపుకుంటున్నారు.

అంత దూరం పోనక్కర్లేదు. మా చెన్నై ఎగ్మూరులోని సెయింట్ ఆండ్రూస్ చర్చికి 1818లో పునాది వేసి, 1821లో ఆరాధనకు తెరిచారు. లండన్‌లోని సెయింట్ మార్టిన్ చర్చికి జేమ్స్ గిబ్స్ మొదట గుండ్రని నమూనా గీస్తే, ఖర్చు ఎక్కువని అక్కడివారు పక్కన పెట్టారు. ఆ నమూనాకే దాదాపు వందేళ్ల తరువాత సైనిక ఇంజనీరు మేజర్ డి హావిలాండ్ మద్రాసులో రూపమిచ్చాడు. ఇక్కడి నేల చిత్తడి నేల. అందుకని, మన ఊళ్లలో బావికి ఒరలు దించినట్టే, 150 దాకా బావులు దించి వాటి మీద పునాది నిలిపారు. ఈ పని గురించి తెలుగులో ఎవరూ వివరంగా రాయకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

ఈ చర్చిని కట్టింది స్కాట్లాండ్ ప్రెస్బిటేరియన్ల కోసం. ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ అయిన వీరి ఆరాధనలో వాక్య ప్రసంగానిదే పెద్దపీట కనుక, బోధకుడు అందరికీ దగ్గరగా ఉండే ఈ ఆకారం వారికి చక్కగా అమరింది. 80 అడుగుల పైచిలుకు వ్యాసమున్న ఆ మందిరంలో, నలుపు తెలుపు చలువరాతి గళ్ల నేల మీద నిలబడి తల ఎత్తితే, 16 స్తంభాల పైన ముదురు నీలి గుమ్మటం, దాని నిండా బంగారు చుక్కలు కనిపిస్తాయి. ఎన్నిసార్లు వెళ్లినా నేను కాసేపు అలాగే ఉండిపోతాను.

దయచేసి సవరణ ప్రచురించండి. వీలైతే మీ ఫొటోగ్రాఫర్‌ను ఈ చర్చి లోపలికి పంపండి. వీధిలోంచి చూసేవారికి ముందటి స్తంభాలూ ఎత్తైన శిఖరమూ కనిపిస్తాయి తప్ప, లోపలి గుండ్రదనం తెలియదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు, చెన్నై