లివర్ ఇచ్చినవాళ్ల గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నాన్నకి కూతురు లివర్ ఇచ్చింది, భర్తకి భార్య ఇచ్చింది అని వార్తలు వస్తుంటాయి, చదివితే కళ్లు చెమరుస్తాయి. కానీ ఆ వార్త పేషెంట్ డిశ్చార్జ్ అయిన రోజుతో ఆగిపోతుంది, ఇచ్చిన మనిషి తర్వాత ఎలా ఉన్నారో ఎవరూ రాయరు.

నేను ఈ ఆపరేషన్‌కి వ్యతిరేకం కాదండీ. చనిపోయినవాళ్ల లివర్ దొరికేలోపే చాలామంది పోతున్నారు, ఇంట్లోవాళ్లు ఇస్తే పేషెంట్ మరీ దిగజారకముందే చేసేయొచ్చు. 1989లో ఒక తల్లి లివర్‌లో కొంత తీసి బిడ్డకి పెట్టి సక్సెస్ అయిన దగ్గర్నుంచి ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో. చిన్నపిల్లలకైతే ఎడమవైపు చిన్న ముక్క చాలు, పెద్దవాళ్లకి మాత్రం ఎక్కువగా కుడివైపుది కావాలి, అంటే దాత లివర్‌లో దాదాపు 60 శాతం తీసేస్తారు. మిగిలింది రెండు మూడు నెలల్లో చాలావరకు పెరుగుతుంది, నిజమే. అందరూ ఈ ఒక్క మాటే చెప్పి ధైర్యం చెప్పేస్తారు!

మా బంధువుల్లో ఒకమ్మాయి వాళ్ల అన్నకి ఇచ్చింది. అన్న వార్డులో నడుస్తున్నాడు, ఈ అమ్మాయేమో దగ్గొస్తే పొట్టకి దిండు అదుముకుని ఏడ్చేది. ఏ జబ్బూ లేకుండా నడిచి వెళ్లి బల్లమీద పడుకున్న మనిషి కదా. పిత్తం లీకవడం, ఇన్ఫెక్షన్, రక్తం గడ్డకట్టడం, తర్వాత హెర్నియా, ఇవన్నీ దాతలకి వచ్చేవే, ఎక్కువ శాతం తగ్గిపోతాయి గానీ 1000 మందిలో ఇద్దరో ముగ్గురో ప్రాణమే పోగొట్టుకుంటున్నారని డాక్టర్ల అంచనా. ఇది సంతకానికి ముందే సూటిగా చెప్పాలి.

ఇంకా పెద్ద సమస్య ఒత్తిడి. బ్లడ్ గ్రూప్ కలిసిందనగానే ఇల్లంతా ఆ ఒక్కరి వైపే చూస్తుంది, అలాంటప్పుడు వద్దని ఎలా అంటారు? అందుకే దాతని ఒంటరిగా కూర్చోబెట్టి, పేషెంట్ కేసుతో సంబంధం లేని డాక్టర్ మాట్లాడాలి, ఇష్టం లేదంటే ఆ మాట బయటికి రాకుండా టెస్టుల ప్రకారం సరిపోలేదని మాత్రమే ఇంట్లోవాళ్లకి చెప్పాలి, ఇలా చేసే ఆసుపత్రులు ఉన్నాయి, అన్నిచోట్లా చేయాలి. ఆపరేషన్ తర్వాత దాత చెకప్‌లు కూడా ఏళ్ల తరబడి ఆసుపత్రే చూసుకోవాలి.

మీ పేపర్లో ఈసారి ఇలాంటి వార్త వేసినప్పుడు ఏడాది తర్వాత ఆ దాత దగ్గరికి మళ్లీ ఒక రిపోర్టర్‌ని పంపండి, దయచేసి.

ఇట్లు,
మీ పాఠకురాలు