నడుము స్కాన్ రిపోర్టులో ఇంకో వాక్యం కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. చెన్నైలోని ఎంఆర్ఐ సెంటర్లు ఇచ్చే నడుము రిపోర్టుల్లో ఒక వాక్యం అదనంగా అచ్చు వేయాలని తమిళనాడు ఆరోగ్యశాఖ ఆదేశించాలి. "మీ స్కాన్‌లో కనిపించిన మార్పులు, మీ వయసులో ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా నూటికి ఇంతమందికి ఉంటాయి" అని. దీనికి కొత్త మిషను అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. పెరంబూరులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను కాబట్టి, ఇది ఎందుకు అవసరమో నాకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

మా దగ్గరికి రైల్వే వర్క్‌షాపుల్లో చేసి రిటైరైన పెద్దవాళ్లు వస్తారు, టి.నగర్ బట్టల కొట్లలో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే అమ్మాయిలు వస్తారు, ఓఎంఆర్ రోడ్డు ఐటీ ఆఫీసుల్లో కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాళ్లూ వస్తారు. నొప్పి ఎక్కడమ్మా అంటే చెయ్యి నడుము మీదికి పోదు, ఫైలు మీదికి పోతుంది. "ఎల్4-ఎల్5 పోయిందంట మేడమ్", "డిస్క్ అరిగిపోయిందంట, ఇంక బిందె ఎత్తకూడదంట". ఎల్4-ఎల్5 అంటే నడుములో నాలుగో, ఐదో పూసలు; పూసల మధ్య మెత్తటి దిండులా ఉండేదే డిస్క్. ఎవరు చెప్పారని అడిగితే, చాలామందికి ఏ డాక్టరూ చెప్పలేదు. పీడీఎఫ్ వాట్సాప్‌లో వచ్చిన రాత్రే ఇంటిల్లిపాదీ చదివి, గూగుల్‌లో వెతికి, తీర్పు ఇచ్చేసుకున్నారు. బెల్టు కూడా కొనేసి ఉంటారు.

వాళ్లకు ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది. నడుము నొప్పి లేని 3,110 మంది స్కాన్ల మీద జరిగిన 33 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2015లో ఒక సమీక్ష వచ్చింది. డిస్క్ అరుగుదల 20 ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి ఉంది. 50 ఏళ్లకు 80 శాతం, 80 ఏళ్లకు 96 శాతం. డిస్క్ ఉబ్బడం, అంటే రిపోర్టులో బల్జ్ అని రాసేది, 50 ఏళ్లవాళ్లలో 60 శాతం మందికి కనిపించింది. వీళ్లెవరికీ నొప్పి లేదు, గుర్తుంచుకోండి. అలాగని డిస్క్‌కీ నొప్పికీ సంబంధమే లేదనుకోకూడదు. 50 ఏళ్లలోపువాళ్లలో నొప్పి ఉన్నవాళ్లకు ఈ మార్పులు కాస్త ఎక్కువగానే ఉంటాయని అదే బృందం మరో పరిశీలనలో చెప్పింది. ఒక మనిషి నొప్పికి కారణం ఆ మార్పేనా అన్నది మాత్రం ఫిల్ము ఒక్కటే చూసి తేల్చలేం.

"నేనేం తప్పు చేశానని నాకిలా?" అని అడగనివాళ్లు తక్కువ. ఎదిగిన మనిషిలో డిస్క్ లోపలికి రక్తనాళాలు ఉండవు. పైనా కిందా ఉన్న ఎముక పలకల గుండా మెల్లగా ఊరివచ్చే పోషకాలతోనే అది బతకాలి. ఫిన్లండ్‌లో కవల సోదరుల వెన్నెముకలను పోల్చి చూసిన పరిశోధకులు, డిస్క్ అరుగుదలలో బరువులు ఎత్తడం, డ్రైవింగ్ వంటివాటి పాత్ర కంటే వంశపారంపర్యం పాత్రే చాలా పెద్దదని తేల్చారు. బిందెలు మోసిన అమ్మను నిందించి లాభం లేదు. ఇక జారిన డిస్క్ ముక్క చాలామందిలో దానంతటదే కుంచించుకుపోతుంది. ఇది చెబితే నా పేషెంట్లు నన్ను అనుమానంగా చూస్తారు.

రిపోర్టు మాటలే మనిషిని కుంగదీస్తాయా అన్న ప్రశ్నకు జవాబు మన రాష్ట్రంలోనే దొరికింది. కోయంబత్తూరు గంగా ఆసుపత్రిలో డాక్టర్ ఎస్.రాజశేఖరన్ బృందం దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవాళ్లను రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు స్కాన్‌లో ఉన్నదంతా వివరంగా చెప్పారు. రెండో గుంపుకు, ఇవి వయసుతో వచ్చే మామూలు మార్పులేనని చెప్పారు. ఇద్దరికీ చికిత్స ఒకటే. ఆరు వారాల తర్వాత చూస్తే మొదటి గుంపులో భయం ఎక్కువ, నొప్పి తగ్గింది తక్కువ. ఈ ఫలితాలు 2021లో యూరోపియన్ స్పైన్ జర్నల్‌లో వచ్చాయి.

నేనడిగిన వాక్యాన్ని అమెరికాలో రెండున్నర లక్షల మంది రిపోర్టుల్లో పెట్టి చూశారు. 2020లో ఫలితాలు వచ్చాయి: ఆ తర్వాత చేయించుకున్న చికిత్సల మొత్తమేమీ తగ్గలేదు, మత్తు కలిగించే నొప్పి మాత్రల (ఓపియాయిడ్ల) చీటీలు మాత్రం కొద్దిగా తగ్గాయి. అయితే ఇంకెందుకు అంటారేమో. అక్కడ ఆ వాక్యం ముఖ్యంగా డాక్టరు కోసం రాసింది. ఇక్కడ రిపోర్టు ముందు పేషెంటు చేతికే వస్తుంది, భయం అక్కడే మొదలవుతుంది. కాబట్టి ఆ వాక్యం ఇంగ్లీషులో ఉంటే చాలదు, తమిళంలోనూ తెలుగులోనూ ఉండాలి. మన ఉత్తర చెన్నై తెలుగు పిల్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లే గానీ చదివేవాళ్లు తక్కువ, కనీసం తమిళంలోనైనా ఉండి తీరాలి.

స్కాన్ వెంటనే కావాల్సిన సందర్భాలు కూడా ఆ కాగితం మీదే వేయాలి. మూత్రం, విరేచనం మీద అదుపు తప్పడం, కూర్చునే చోట మొద్దుబారడం, కాలి బలం రోజురోజుకూ తగ్గడం, జ్వరంతో బరువు తగ్గిపోవడం, ఇదివరకు కాన్సర్ ఉండటం, పెద్దవయసులో కిందపడటం. మన దేశంలో వెన్నెముక క్షయ కూడా ఉంది, దాన్ని నిర్లక్ష్యం చేస్తే కాళ్లే పడిపోతాయి. ఇవేవీ లేని మామూలు నొప్పికి మొదటి వారమే స్కాన్ తీయించడం వల్ల రోగికి మేలేమీ లేదని పరిశోధనలు ఎప్పటినుంచో చెబుతున్నాయి.

మరి ఏం చేయాలి? ఆస్ట్రేలియాలో నడుము నొప్పి తగ్గిన 701 మందిని తీసుకుని, సగం మందికి నడక కార్యక్రమం, ఫిజియోథెరపిస్టు సలహా ఇచ్చారు. నొప్పి మళ్లీ రావడానికి వాళ్లకు మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, మిగతావాళ్లకు 112 రోజులే. 2024లో లాన్సెట్ ప్రచురించింది. మన ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన మక్కళై తేడి మరుత్తువం పథకంలో ఇంటికి వచ్చే ఫిజియోథెరపీ ఇప్పటికే ఉంది. మంచం పట్టినవాళ్లకే కాకుండా, వీధిలో నడుము నొప్పివాళ్లను కూర్చోబెట్టి నడక గురించి, వ్యాయామాల గురించి చెప్పే పని కూడా ఆ ఫిజియోథెరపిస్టులకు అప్పగించవచ్చు. రిపోర్టు మార్పును మాత్రం సెంట్రల్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలో, స్టాన్లీలో రేపే మొదలుపెట్టవచ్చు. ప్రైవేటువాళ్లు తర్వాత వస్తారు, రాకపోతే నిబంధన పెట్టాలి.

మీకూ ఒక మనవి. ఫుల్‌బాడీ చెకప్‌లో నడుము స్కాన్ కూడా కలిపి తగ్గింపు ధర అని ప్రకటనలు వస్తుంటాయి కదా, ఈ ఉత్తరం ఆ పేజీలోనే వేయగలిగితే వేయండి.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు,
పెరంబూరు, చెన్నై