మావోన్ని చెట్టు మీదికెళ్లి దించిన గౌడన్నకు శనార్థులు

దవాఖాన వరండాల కూసోని రాస్తున్న, చేతులు ఇంకా వణుకుతున్నయి, తప్పులుంటె సర్దుకోండ్రి. అడుగుతున్న అందరికీ ముందు ఒక మాట: మా క్లైంబర్, అంటె మా చెట్లు కోసే జట్టుల పైకెక్కి కోసేటోడు, బాగనే ఉన్నడు. మడిమ కాడ ఎముక చిట్లింది, నడుముకు బెల్టు ఒరుసుకపోయింది. మాట్లాడుతున్నడు, చాయ్ తాగిండు.

హసన్‌పర్తి దాటినంక రోడ్డు పక్కన, కరెంటు వైర్ల కాడ, గాలివానకు విరిగిన నిద్రగన్నేరు అది. ఈ చెట్టు కొమ్మలు అడ్డంగ సాగుతయి, తడిసినంక బరువు ఇంకింత. విరిగినా పూర్తిగ తెగదు, పంగ కాడ వేలాడుతది. అసొంటి కొమ్మకు మీది భాగం గుంజుకుంటది, కింది భాగం నొక్కుకుంటది. అందుకే ముందుగాల కింది నుంచి మందంల మూడోవంతు కోసి, దానికి నాలుగు వేళ్ల వెడల్పు అవతల మీది నుంచి కోస్తరు. ఇక్కడా అదే కోత. కాని లోపల పుచ్చున్నది, బయటికి కానరాలె. కొమ్మ కోత కాడ తెగకుంట పంగ దాంక నిలువునా చీలింది. చీలిక తెరుసుకొని మల్ల మూసుకున్నది. మావోని నడుము తాడు, ఎడమ బూటు అండ్ల ఇరికినయి. బరువు పడ్డ హుక్కు చేత్తో ఊడదు. తాడు కోసేద్దమంటె మనిషి దాని మీదనే ఉన్నడు. కోత మిషన్ పెడదమంటె కాలు పక్కనే, పైగా కొమ్మ తెగంగనే చీలిక ఎటు కొడుతదో చెప్పలేం.

గప్పుడే ఒకాయన టీవీఎస్ ఎక్సెల్ ఆపిండు. ఎనుక కల్లు లొట్లు, పక్కన తాటిచెట్టెక్కే మోకు. పేరు రాయొద్దన్నడు, గౌడన్న అనే అంట. మమ్ములను ఒక్కటే అడిగిండు: "కరెంటు తీసిండ్రా, తీసిన్నని ఫోన్ల చెప్పిండ్రా?" రెండూ ఒకటి కావు. లైన్‌మన్ అన్న సబ్‌స్టేషన్ కాడ ఎల్సీ (లైన్ క్లియర్, లైన్ బందుకు పర్మిషన్) తీసుకొని, లైన్ తెంపే ఏబీ స్విచ్ దించి, వైర్లకు కరెంటును భూమిలకు దించే ఎర్తింగ్ రాడ్లు తగిలిచ్చిండని చూపిచ్చినంకనే గౌడన్న నిచ్చెన ఎక్కిండు. ఎవలింట్లనన్న జనరేటర్ ఉంటె ఎనుక నుంచి కరెంటు రావచ్చు, ఆ రాడ్లు లేకుంటె చచ్చిన వైరు సుత బతుకుతది.

తాటిచెట్టు మోకు నిద్రగన్నేరు మొదలుకు అందదు. మొదటి పంగ దాంక నిచ్చెన, అక్కణ్నుంచి మోకు. తాటికి కొమ్మలుండయి, దీనికి అడుగడుగునా అడ్డమే. రెండో తాడు కొమ్మ మీదికెళ్లి వేసి బిగిచ్చినంకనే కింది మోకు విప్పిండు. ఒక్క గడియ సుత తాడు లేకుంట నిలవడలే.

పైకి పోయి మొదలు చేసింది చీలిక సంగతి కాదు. తాడును ఉచ్చులెక్క చేసి మావోని కుడికాలు అండ్ల పెట్టిచ్చి నిలవెట్టిండు. బెల్టుకు కదలకుంట వేలాడితె రక్తం కాళ్లల్లనే దిగబడుతది, నిమిషాలల్లనే కండ్లు తిరుగుతయి. మావోని మొహం అప్పటికే తెల్లగైంది, నిలవడంగనే రంగు తిరిగొచ్చింది. తర్వాత మావోన్ని ఇంకో తాడుతోని మీది కొమ్మకు కట్టిండు. వేలాడే కొమ్మను సుత మీది పంగకు కట్టి బరువు ఆపిండు. గవి అయినంకనే సుత్తె, చీలలు అడిగిండు. తుమ్మ కర్ర చీలలు, జానెడు పొడుగు. తడి కట్టెల నున్నటి ఇనుప చీల జారి ఎగురుతది. తాడుకు పక్కన ఒకటి కొట్టిండు, అది ఊడకుంట దాని ఎంబడే రెండోది. చీలిక వేలు మందం తెరుసుకున్నది, బూటు వచ్చింది, తాడు వచ్చింది. దించే తాడును కింద మేం మొదలుకు రెండు చుట్లు చుట్టి మెల్లగ వదిలినం. చుట్టు ఉంటె ఒరుపుతోనే బరువు ఆగుతది, ఒక్క మనిషి పట్టుకోవచ్చు.

దిగినంక తన తువ్వాల మడిచి మావోని తలకింద పెట్టిండు. పైసలియ్యబోతె చెయ్యి నెట్టేసి, "తమ్మీ, ఎక్కేటోన్ని ఎక్కేటోడు దించకుంటె ఎవలు దించుతరు" అన్నడు. అంత సేపు గట్టిగనే ఉన్న, గా మాటకు ఏడుపు ఆగలే. తర్వాత ఊరోళ్లు చెప్పిండ్రు, అది ఆయన సాయంత్రం గీసే టైమంట. పొద్దున, మాపున గెల గీయాలె. ఒక్క పూట తప్పితె కోత ఎండుతది, మల్ల పచ్చి దాంక గీసినంకనే కల్లు పడుతది. అది నాతోని ఒక్క ముచ్చట అనలే.

ఆయన నడుముకున్న బెల్టు, తాళ్లు 2024ల సర్కారు గీత కార్మికులకు ఇచ్చిన కాటమయ్య కిట్టు. ఇయ్యాలె, ఇంకా ఇయ్యాలె. మరి చెట్లు కోసేటోళ్లం ఏమైతం? గాలివాన కొట్టంగనే రోడ్డు ఖాళీ చెయ్యుమని ఫోన్ మీద ఫోన్. బిల్లు మాత్రం ట్రాక్టర్ ట్రిప్పుల లెక్క. రోడ్డుకు అడ్డం పడ్డ కొమ్మను కింద నిలవడి కోసినా, కరెంటు తీగ మీద వేలాడేది కోసినా రేటొకటే. మనిషిని పైకెత్తే బకెట్ బండి అడిగితె రేపు, ఎల్లుండి. మనిషికి దెబ్బ తాకితె కాయితంల "ఇతర కూలి". బీమాకు పోతె అటు గీత పని కాదు, ఇటు కట్టడం పని కాదంటరు.

మావోని ఇంటోళ్లు, బావమరిది రాత్రంత ఇక్కడనే ఉన్నరు, వాళ్లకేం చెప్తం.

లైన్‌మన్ అన్నను మరువలే: మావోడు దిగేదాంక స్విచ్ కాడికెళ్లి కదలలే, ఎవలో వచ్చి కరెంటు ఏస్తరని. 108ల వచ్చిన చెల్లె పట్టీ కట్టి, దారి పొడుగునా వానితోని మాట్లాడిపిచ్చుకుంట వచ్చింది. జేసీబీ డ్రైవర్ తమ్ముడు లైట్లు కొమ్మ మీదికి తిప్పి పెట్టిండు.

అయ్యో, చాయ్ బండి అక్క. అందరికీ పోసింది, పైసలు తీసుకోలే.

ఇంకొకటి: సుత్తె, చీలలు ఇచ్చిన వడ్లాయన (వడ్రంగి) ఇది చూస్తె, సుత్తె మా ట్రాలీల భద్రంగ ఉన్నది. చీలలు రెండూ పగిలినయి, తుమ్మయే కొత్తయి చేపిచ్చి తెస్త.