ఆ రాత్రి ఫోన్ ఎత్తిన అక్కకి, మిగతా అందరికీ

మంగళవారం ఉదయం స్టేట్ నర్సింగ్ బోర్డు వెబ్‌సైట్‌లో నా పేరు కొట్టి చూశాను. పేరు పక్కన లైసెన్స్ నంబరు కనిపించింది. రిజిస్టర్డ్ నర్స్. పేజీ మూసి మళ్ళీ తెరిచాను, నంబరు అక్కడే ఉంది. అప్పటి నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తూనే ఉన్నాను. కానీ నేను థాంక్స్ అనగానే "అయ్యో, నేనేం చేశాను" అని అందరూ మాట మార్చేస్తున్నారు. ఏం చేశారో చెప్పనివ్వడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు వద్దని కొందరు ముందే అన్నారు కాబట్టి వరసలతోనే పిలుస్తాను. ఎవరి గురించో మీకు తెలిసిపోతుంది.

నా సంగతి తెలియని వాళ్ళ కోసం నాలుగు మాటలు. తొమ్మిదేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, 35వ ఏట నర్సింగ్‌లోకి వచ్చాను. అమెరికాలో ఇప్పటికే వేరే డిగ్రీ ఉన్నవాళ్ళకి యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ అనే కోర్సు ఉంది. నర్సింగ్ చదువంతా ఏడాది, ఏడాదిన్నరలో పూర్తి చేయిస్తారు. మాది 16 నెలలు. ఇలాంటి కోర్సు మొదట 1971లో సెయింట్ లూయిస్ యూనివర్సిటీలో పెట్టారని చదివి, యాభై ఏళ్ళుగా ఇంతమంది చేస్తున్నది నేనెందుకు చేయలేను అనుకుని చేరాను. అనాటమీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ లాంటివి ఉద్యోగం చేస్తూనే ముందు పూర్తి చేశాను కాబట్టి, చదివే అలవాటు పోలేదన్న ధైర్యం ఉండేది. ఆరో వారం దాకా ఉండేది.

ఆరో వారంలో ఫార్మకాలజీ, అంటే మందుల సబ్జెక్టు, మొదటి పరీక్ష మార్కులు వచ్చాయి. 71. మాకు పాస్ మార్కు 77. ఒక్క సబ్జెక్టు పోయినా బ్యాచ్‌తో పాటు ముందుకు వెళ్ళనివ్వరు. అదే వారం రెండు రోజులు పన్నెండేసి గంటల క్లినికల్స్ (ఆసుపత్రిలో పని నేర్చుకునే డ్యూటీ), శుక్రవారానికి ఒక కేర్ ప్లాన్ (ఒక పేషెంటుని ఎలా చూసుకోవాలో రాసే అసైన్‌మెంట్), కాథెటర్ (మూత్రం గొట్టం) వేయడం మీద స్కిల్స్ చెక్‌ఆఫ్ అనే చేసి చూపించే పరీక్ష, మెడ్‌సర్జ్‌లో (పెద్దవాళ్ళ జబ్బులు, ఆపరేషన్ల సబ్జెక్టు) 140 పేజీలు. ఇంట్లో నాలుగేళ్ళ బాబుకి జ్వరం. రాత్రి పదకొండు గంటలకి లైబ్రరీ పార్కింగ్‌లో కారులో కూర్చుని, కోర్సు మానేస్తున్నానని ఈమెయిల్ రాశాను. పంపే ముందు ఎందుకో అక్కకి ఫోన్ చేశాను. రక్తసంబంధం కాదు. ఇదే దారిలో చాలా ముందు వచ్చి, ఇప్పుడు ఐసీయూలో పనిచేస్తున్న తెలుగమ్మాయి. అప్పటికి నాకు రెండుసార్లు కలిసిన పరిచయం మాత్రమే.

అక్కా, మీరు ఆ రాత్రి నన్ను ఓదార్చలేదు. అది నాకు ఎంత మేలు చేసిందో మీకు ఎప్పుడూ చెప్పలేదు. ఏడుపు తగ్గేదాకా ఆగి, ఒక ప్రశ్న అడిగారు. "నీకు నలుగురు పేషెంట్లు ఉన్నారు. ఒకరు ఆపరేషన్ అయిన రెండో రోజు, నొప్పి మందు అడుగుతున్నారు. ఒకరు డిశ్చార్జ్ కాగితాల కోసం చూస్తున్నారు. ఒకరికి డ్రెస్సింగ్ మార్చాలి. ఇంకొకరు పొద్దున్నుంచీ బాగా మాట్లాడి, ఇప్పుడు ఉన్నట్టుండి కంగారుగా, అయోమయంగా ఉన్నారు. ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు?"

నాలుగో మనిషి దగ్గరికి అన్నాను. ఎందుకన్నారు. ఉన్నట్టుండి అయోమయం వచ్చిందంటే ఒంట్లో ఆక్సిజన్ తగ్గుతోందేమో, ముందు ఊపిరి చూడాలి అన్నాను. "మరి మిగతా ముగ్గురిని వదిలేసినట్టేనా?" "లేదు, వాళ్ళు కాసేపు ఆగగలరు." అప్పుడు మీరన్న మాట: "సరే, ఇప్పుడు నీ పనుల లిస్టు చదువు. అందులో ఆగగలిగేవి ఏవో నువ్వే చెప్పు."

పదకొండు పనులు చదివాను. మీరు ఒక్కటి కూడా కొట్టేయలేదు, నాతోనే కొట్టేయించారు. నోట్సు రంగుల పెన్నులతో తిరగ రాయడం ఆగగలదు. 140 పేజీలూ అక్షరం వదలకుండా చదవడం ఆగగలదు. గ్రూప్ ప్రెజెంటేషన్‌లో నా వంతు స్లైడ్లు ఇంకొకరితో మార్చుకోవచ్చు. చివరికి ఆ వారానికి మూడే మిగిలాయి: ఫార్మకాలజీ, కేర్ ప్లాన్, నిద్ర. నిద్రని లిస్టులో చేర్చింది మీరే. అంతకుముందు నా లిస్టులో అది లేదు. ఈమెయిల్ పంపకుండా ఇంటికి వెళ్ళి పడుకున్నాను.

తర్వాత ప్రతి ఆదివారం నలభై నిమిషాలు మీరు నాకిచ్చారు. నైట్ డ్యూటీ దిగి వచ్చిన రోజుల్లో కూడా ఇచ్చారు. మందులు ఒక్కొక్కటిగా బట్టీ పడుతున్న నాకు కుటుంబాలుగా చూడటం చూపించారు. పేరు చివర లోల్ ఉంటే గుండె వేగం, బీపీ తగ్గించే బీటా బ్లాకర్: ఇచ్చే ముందు నాడి, బీపీ చూడు. ప్రిల్ ఉంటే బీపీ తగ్గించే ఏస్ ఇన్‌హిబిటర్: పొడి దగ్గు వస్తోందా అడుగు, పెదాలు, నాలుక వాస్తే ఆపేసి వెంటనే చెప్పు. ప్రతి కుటుంబానికీ ఐదే ప్రశ్నలు. ఎందుకు ఇస్తారు, ఇచ్చే ముందు ఏం చూడాలి, ఇచ్చాక ఏం చూడాలి, ఎప్పుడు ఆపి డాక్టర్‌కి చెప్పాలి, ఇంటికెళ్ళే మనిషికి ఏం చెప్పి పంపాలి. ఈ ఐదింటితో ఒక నోటుబుక్ నింపాను. ఫార్మకాలజీ 83తో పాసయ్యాను.

మా స్టడీ గ్రూపులోని నలుగురూ తెలుగు చదవలేరు. వాళ్ళకి ఎదురుగా చెప్పాను, అయినా ఇక్కడ రాయకపోతే నాకు తృప్తిగా ఉండదు. వాళ్ళలో ఒకాయన పారామెడిక్‌గా పనిచేసి వచ్చారు, ఒకావిడ బడిలో టీచరు. ఆ టీచరే మా చేత పుస్తకాలు మూయించింది. చదివిందే మళ్ళీ చదివితే వచ్చినట్టు అనిపిస్తుంది, వారం తర్వాత గుర్తుండదు అనేది. దీని మీద 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు చేసిన ప్రయోగం గురించి చెప్పింది. ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివిన విద్యార్థులు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, చదివాక పుస్తకం మూసి గుర్తు చేసుకుని రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. మేమూ అలాగే చేశాం. ఖాళీ వైట్‌బోర్డు ముందు ఒకరు నిలబడి గుండె వైఫల్యం గురించి మొదటి నుంచి చెప్పాలి, మిగతావాళ్ళు ఎక్కడ తప్పితే అక్కడ ఆపాలి. మొదట్లో నాకు నిలబడాలంటే భయమేసేది. తప్పు చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. ఒక్కసారి కూడా నవ్వలేదు. పదహారు నెలల్లో అది చిన్న విషయం కాదు.

ఇక మూడో టర్మ్‌లో ఒక ఉదయం. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. నా పేషెంటుకి డిగాక్సిన్ అనే గుండె మందు ఇవ్వాలి. పేరు, పుట్టిన తేదీ, మోతాదు, సమయం అన్నీ సరిచూసుకున్నాను. మాత్ర కప్పులో వేసుకుని బయల్దేరబోతుంటే మా క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ మెల్లగా అడిగారు: "పొద్దున ల్యాబ్‌లో పొటాషియం ఎంత?" 3.1 అన్నాను. మామూలుగా 3.5 నుంచి 5 ఉండాలి. ఆ పేషెంటు ఫ్యూరోసెమైడ్ అనే, మూత్రం ఎక్కువగా పోయించే మందు మీద ఉన్నారు, అది పొటాషియాన్ని కూడా బయటికి పంపేస్తుంది. పొటాషియం తగ్గితే డిగాక్సిన్ విషంగా మారే ప్రమాదం పెరుగుతుంది. ఇవన్నీ నాకు విడివిడిగా వచ్చు. ఆ ఉదయం మాత్రం కలిపి చూడలేదు. స్టెతస్కోపు పెట్టి నిమిషం పాటు గుండె చప్పుడు లెక్కపెట్టాను. 54. అరవైకి తక్కువుంటే మందు ఆపి చెప్పాలి. ఆపాం, నర్స్ డాక్టర్‌కి చెప్పారు, పేషెంటుకి ఏమీ కాలేదు.

నాకే అయింది. సామాన్ల గదిలోకి వెళ్ళి నిలబడిపోయాను, చేతులు వణుకుతున్నాయి. ఇన్‌స్ట్రక్టర్ వచ్చి తలుపు మూసి, "నువ్వు తప్పు చేయలేదు, చేయబోయావు. దానికోసమే నేను పక్కన ఉన్నాను" అన్నారు. తర్వాత "రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు?" అని అడిగారు. మూడు. కేర్ ప్లాన్ రాస్తూ కూర్చున్నాను. పదిహేడు గంటలు వరసగా మేలుకుని ఉన్న మనిషి తెలివి, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి తెలివితో సమానంగా మందగిస్తుందని ఆవిడే చెప్పారు. తాగి డ్యూటీకి వస్తావా అని అడగలేదు, అక్కడితో ఆపారు. నాకు అర్థమైంది. ఆ రోజు నుంచి కేర్ ప్లాన్ సగంలో ఉన్నా రాత్రి పదిన్నరకి లాప్‌టాప్ మూసేశాను. రెండుసార్లు దానివల్ల మార్కులు తగ్గాయి. తగ్గనిచ్చాను.

కాలేజీ కౌన్సెలర్ దగ్గరికి నన్ను పంపింది కూడా ఆవిడే. వెళ్ళడానికి సిగ్గుపడ్డాను, నిజమే. మనవాళ్ళలో చాలామందికి ఆ సిగ్గు ఉంటుంది, కాబట్టి అక్కడ ఏం జరుగుతుందో చెబుతాను. నన్ను ఎవరూ పిచ్చిదానిలా చూడలేదు. పరీక్ష హాల్లో గుండె దడ మొదలైనప్పుడు ఊపిరి తీసుకునేదాని కంటే వదిలేది పొడవుగా ఉండాలని నేర్పారు. పరీక్షకి ముందు పది నిమిషాలు మనసులో ఉన్న భయాలన్నీ కాగితం మీద రాసెయ్యమన్నారు. "మా అమ్మకి మొహం ఎలా చూపించాలి" అనే వాక్యం నేను ఆరు వారాలు వరసగా రాశానట, కౌన్సెలర్ చూపిస్తే గానీ గమనించలేదు. ఆ మాట అమ్మతోనే చెప్పమన్నారు. చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వు పాసవ్వాలని నేనెప్పుడు అన్నానే? నువ్వు బాగుండాలన్నాను" అంది. ఆ తర్వాత ఆ వాక్యం రాయాల్సిన పని పడలేదు. ఇంకొకటి, మొదటి రోజే కౌన్సెలర్ నా ఫోన్లో 988 నంబరు సేవ్ చేయించారు. ఇక బతకాలని లేదనిపించేంత దూరం వెళ్ళినప్పుడు అమెరికాలో ఏ గంటకైనా ఫోన్ చేయగలిగిన, మెసేజ్ పెట్టగలిగిన నంబరు అది. నాకు అవసరం రాలేదు. ఇది చదువుతున్న వాళ్ళలో ఎవరికైనా రావచ్చు, దయచేసి సేవ్ చేసుకోండి.

మా ఆయన గురించి ఎక్కువ రాస్తే ఇబ్బంది పడతారు. డోసేజ్ లెక్కలు నాకు అస్సలు ఎక్కేవి కావు. వెయ్యి మిల్లీలీటర్లు ఎనిమిది గంటల్లో, మిల్లీలీటరుకి 15 చుక్కల సెట్ అంటే నిమిషానికి ఎన్ని చుక్కలు? ఆయన అకౌంట్స్ మనిషి, నర్సింగ్ ఏమీ తెలియదు. "సూత్రం గుర్తుపెట్టుకోకు, పైన చుక్కలు, కింద నిమిషాలు మిగలాలి, మిగతావి ఒకదానితో ఒకటి కొట్టేసెయ్" అని చెప్పి, వారం పాటు రోజూ పది లెక్కలు తనే తయారు చేసి ఇచ్చారు. 31 చుక్కలు. ఇప్పుడు నిద్రలో అడిగినా చెబుతాను.

వదినా, మీ గురించి రాయడానికే ఈ పోస్టు మొదలుపెట్టి, చివరికి తెచ్చాను. క్లినికల్స్ ఉన్న రోజు తెల్లవారుజామున ఐదున్నరకి బాబుని దుప్పటితో సహా మీ గుమ్మంలో మీ చేతుల్లో పెట్టేదాన్ని. పదహారు నెలల్లో ఒక్కరోజు కూడా "ఈ రోజు కుదరదు" అనలేదు. "ఏమైనా సాయం కావాలా" అని అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళందరికీ దండాలు. కానీ అలా అడిగితే నాకు ఏం కావాలో ఆలోచించి చెప్పడం ఇంకో పని అయ్యేది. మీరు అడగలేదు. "మంగళ, గురువారాలు వాడు నా దగ్గర" అని చెప్పేశారు. పరీక్ష ఎలా రాశావని కూడా ఒక్కసారి అడగలేదు. ముందు పట్టించుకోవడం లేదేమో అనుకున్నాను. ఒకరోజు అన్నయ్య నోరు జారి, నేను వెళ్ళగానే మీరు దేవుడి ముందు దీపం పెడతారని చెప్పాడు.

లైసెన్స్ కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష రోజు గురించి పెద్దగా చెప్పేది లేదు. 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి, ఐదు గంటల సమయం, తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150. మనం పాసో కాదో కంప్యూటర్‌కి 95 శాతం నమ్మకం కుదిరినప్పుడు ఆపేస్తుంది. నాకు 85 దగ్గర ఆగలేదు, నూరు దాటినా ఆగలేదు. అప్పుడు కళ్ళు మూసుకుని ఊపిరి పొడవుగా వదిలాను. తర్వాతి ప్రశ్నలో నలుగురు పేషెంట్లు, ముందు ఎవరిని చూస్తావు అని ఉంది. అక్కా, మీ గొంతు వినపడింది. 112 దగ్గర స్క్రీన్ ఆగిపోయింది.

అక్కా, ఆ మందుల నోటుబుక్ మీకే ఇస్తానంటే వద్దన్నారు మీరు. ఈసారి బ్యాచ్‌లో చేరిన ఒక అమ్మాయికి ఇచ్చాను. ఆదివారం సాయంత్రం నలభై నిమిషాలు ఆ అమ్మాయికి రాసి పెట్టాను.

వదినా, వచ్చే నెల మూడున నా మొదటి డ్యూటీ. ఏడింటికి అక్కడ ఉండాలి. వాడిప్పుడు బరువెక్కాడు, ఎత్తుకోలేరు, నడిపించుకునే తీసుకొస్తాను. ఐదున్నరకి తలుపు తీసి ఉంచండి.