కత్‌బర్ట్ బే తాబేలు గూళ్లను కాపాడండి: వన్యప్రాణి సంరక్షణ చూసే అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మూడు వినతిపత్రాలు ఇచ్చాం. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురి ఎదుట రాస్తున్నాను.

మా కుటుంబం శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి మధ్య అండమాన్‌లో స్థిరపడింది. కత్‌బర్ట్ బే తీరానికి ఏటా శీతాకాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లుంటాయి. ఒక తెల్లవారుజామున చూసిన గూడు ఇంకా నా కళ్ల ముందే ఉంది: తోడేసిన గుంట, చుట్టూ కుక్కల అడుగులు, నలిగిన కాగితంలా మెత్తటి పెంకులు, ఇసుకలో కలిసిపోయిన పచ్చసొన. రాత్రంతా కాపలా కాసిన దినకూలీ ఒకాయన ఆ గుంట పక్కనే కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఈ కుక్కలు మనుషులు తెచ్చి వదిలినవే. తప్పు వాటిది కాదు, మనది. పసిఫిక్ మహాసముద్రంలోని దీవి గువామ్‌లో ఓడ సరుకుతో చేరిన గోధుమరంగు చెట్టుపాము అక్కడి అడవి పక్షులను దాదాపు తుడిచిపెట్టింది. దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని దక్షిణ జార్జియా దీవి మాత్రం ఎలుకల నుంచి విముక్తమైందని 2018లో ప్రకటించారు. పట్టుదల ఉంటే సాధ్యమే.

కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి మళ్లీ అదే ఒడ్డున వదిలితే గూళ్లకు ఒరిగేదేమీ లేదు. వాటిని తీరం నుంచి తరలించి ఆశ్రయం కల్పించండి. చేపల వ్యర్థాలు ఒడ్డున పారబోయకుండా చూడండి. హేచరీకి (గుడ్లను కాపాడి పొదిగించే చోటుకి) చేర్చలేని గూళ్లపై ఇనుప వల బిగించండి. నవంబరులోగా ఏం చేస్తారో తేదీలతో సహా రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
రంగత్ ప్రాంత నివాసి