చింతమొద్దు, పన్నెండు టన్నుల తోపుడు బలం

జంగారెడ్డిగూడెం,
ఫిబ్రవరి 4.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరమూ, దానితో పాటు ఫొటో కూడా అందాయి. మిచిగన్ మంచులో, దుకాణంలో కొన్న 27 టన్నుల కట్టెలు చీల్చే యంత్రం పక్కన నీవు నిలబడిన తీరు చూసి మా ఆవిడ, "అంత దూరం వెళ్ళి కూడా అన్నయ్యగారికి కట్టెలు కొట్టడం తప్పలేదా?" అని నవ్వింది. ఆమె నవ్వుకుని ఊరుకుంది గానీ, నేను మాత్రం ఆ ఫొటోను పెద్దది చేసుకుని ఆయిలు గొట్టం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నదో, ఆ ఆయిలు ఒత్తిడితో రాడ్డును ముందుకు తోసే సిలిండరును దేనికి బిగించారో చూస్తూ రాత్రి చాలాసేపు కూర్చున్నాను. అలాంటిదాన్ని ఇప్పుడు మన షెడ్డులోనే తయారు చేశాను. రెండుసార్లు చెడగొట్టి, మూడోసారికి కుదుర్చుకున్నాను. ఆ సంగతంతా నీకు చెప్పకుండా ఉండలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అవసరం ఎందుకు వచ్చిందో నీకు వేరే చెప్పనక్కర లేదు. ఆకు కోతలు మొదలైతే ఏప్రిల్ దాకా మా రెండు పొగాకు బ్యారన్ల, అంటే ఆకును సెగతో ఆరబెట్టే గదుల, పొయ్యిలు ఆరవు. ఒక్కసారి బ్యారన్ నింపితే ఐదారు రోజులు రాత్రింబగళ్ళు మంట వేయాలి. మొదట ఆకు పసుపెక్కేదాకా 35 డిగ్రీల చుట్టుపక్కల మెల్లని సెగ చాలు, చివరికి ఈనె ఎండేటప్పుడు 70 డిగ్రీల దాకా పోవాలి. మొదట్లోనే తొందరపడి సెగ పెంచితే ఆకు పచ్చగానే నిలిచిపోతుంది, వేలంలో దాని ముఖం చూసేవాడుండడు. తొడంత లావు మొద్దును పొయ్యిలో పెడితే మొదటి గంటంతా పొగే, ఆ తరువాత మనం ఆపుదామన్నా ఆగని మంట. అదే నాలుగు పేళ్ళుగా చీల్చి, ఎండబెట్టిన కట్టె అయితే ఒక్కొక్కటిగా వేసుకుంటూ సెగను చేతిలో పెట్టుకోవచ్చు. నిరుడు గట్టు మీది పాత చింతచెట్టు పడిపోయింది. మాంసం కొట్టేవాళ్ళు చింతమొద్దునే ఎందుకు ఏరుకుంటారో నాకు అప్పుడు తెలిసింది. దాని నార ఒకదానిలో ఒకటి మెలిపడి ఉంటుంది కాబట్టి గొడ్డలి దిగుతుంది గానీ మొద్దు విడదు. ఇద్దరు మనుషులు ఒక పూటంతా కొట్టి మూడు మొద్దులు చీల్చి, మరునాడు రామని చెప్పి పంపారు.

నేను చేసిన మొదటి పని బెజవాడ ఆటోనగర్ వెళ్ళి, విప్పేసిన జేసీబీ సిలిండరు ఒకటి కొనుక్కురావడం. రాడ్డు మీద గోరు ఆనిస్తే తగిలే గీత ఒక్కటి కూడా లేకుండా చూసుకుని తెచ్చి, లోపలి సీళ్ళన్నీ కొత్తవి వేయించాను. దాని బోరు, అంటే లోపలి వ్యాసం, 100 మిల్లీమీటర్లు, రాడ్డు బయటికి వచ్చే పొడవు అర మీటరు. బోరు వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు కనుక 150 బార్ పీడనం వద్ద దాదాపు 12 టన్నులు తోస్తుంది. పాత బావి మీద ఊరికే పడి ఉన్న 7.5 హెచ్‌పీ మోటారుకు, ఒక చుట్టుకు 12 సీసీల ఆయిలు పంపే గేరు పంపు సరిపోతుందని లెక్క వేసుకున్నాను. ఆ లెక్కన రాడ్డు పూర్తిగా ముందుకు రావడానికి 14 సెకన్లు, వెనక్కి పోవడానికి 10 సెకన్లు పడుతుంది. ముక్క విడిపోగానే లివరు వెనక్కి తిప్పేస్తాం కాబట్టి అర మీటరూ నడిచే అవసరం చాలాసార్లు రాదు.

ఇంతవరకు నా లెక్కలో తప్పు లేదు. పొరపాటంతా నేను లెక్క వేయని చోట జరిగింది. సిలిండరు మొద్దును 12 టన్నులతో తోస్తున్నదంటే, తన వెనక ఉన్న పలకనూ, అవతల కొసన మొద్దును చీల్చే పదునైన ఇనుప చీల పాతిన పలకనూ అదే 12 టన్నులతో విడదీస్తున్నదన్న మాట. నేను షెడ్డులో దొరికిన 5 అంగుళాల ఇనుప ఛానల్ (గాడిలా ఉండే కమ్మీ) ముక్క ఒక్కదాని మీద అదంతా కట్టాను. సరుగుడు చీల్చినంతసేపు బుద్ధిమంతుడిలా పనిచేసింది. చింతమొద్దు పెట్టి లివరు లాగగానే పీడనం చూపే మీటరు ముల్లు 100 బార్ దాటింది, 120 దాటింది. మొద్దు కిమ్మనలేదు గానీ ఛానల్ నడుము పైకి లేచి విల్లులా వంగింది. పలక అడుగున వేసిన వెల్డింగు కొస నుంచి పేలిన రేకులాంటి చప్పుడు వచ్చింది. లివరు వదిలేశాక కూడా ఆ వంపు పూర్తిగా పోలేదు. తోపు పడే గీత ఛానల్ కంటే జానెడు ఎత్తున ఉంది కాబట్టి, అది తిన్నగా లాగడంతో సరిపెట్టక మీటలా పట్టి మెలేస్తున్నదని అప్పుడు కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. నీవు ఆ రోజు ఇక్కడ ఉంటే నన్ను ఎంతకాలం ఏడిపించేవాడివో ఊహించగలను.

రెండోసారి 200 మిల్లీమీటర్ల ఐ బీమ్ తెచ్చాను, సిలిండరును దానికి వీలైనంత దగ్గరగా దించాను, చీల పలకకు వెనక వైపు రెండు ముక్కోణపు పలకలు ఆనించి, లోపలి మూలను మాత్రం మూడు పొరలుగా వెల్డు చేయించాను. ఊళ్ళో వెల్డింగు అబ్బాయి, "ఇదేమన్నా వంతెనా సార్?" అన్నాడు. పాత పంట పనిముట్టుకు పట్టీ వేసే ధోరణిలో ఉన్నాడు కాబట్టి, మొదటి ఛానల్ వంపు చూపించాను. ఆ తరువాత మారు మాట్లాడకుండా రాడ్లు కాల్చాడు.

ఈసారి చట్రం నిలబడింది గానీ పంపు మూల్గడం మొదలుపెట్టింది. మోటారుకూ పంపుకూ మధ్య బెల్టు వేశాను, ఎందుకంటే పుల్లీలు చేతిలో ఉన్నాయి. గేరు పంపు షాఫ్టు తిరగడానికే తప్ప పక్కకు లాగించుకోవడానికి పుట్టినది కాదు. వారం తిరగకుండానే సీలు దగ్గర ఆయిలు చెమట పట్టినట్లు కనిపించింది, పదో రోజుకు ధార కట్టింది. సీలు మార్చి, మధ్యలో రబ్బరు నక్షత్రం ఉండే కప్లింగ్ వేసి, రెండు షాఫ్టులనూ ఒకే గీతలోకి తెచ్చాక మూలుగు సగం తగ్గింది. మిగిలిన సగం టాంకు తప్పు. వెనక్కి వచ్చే గొట్టం మూతి ఆయిలు మట్టం పైన ఉండటంతో అది పడిపడి మజ్జిగ చిలికినట్లు నురగ కడుతున్నది, ఆ గాలి పంపులోకి పోతున్నది. గొట్టాన్ని అడుగు దాకా దించాను, గొడవ వదిలింది.

అసలు మాట ఇప్పుడు. మొన్న ఆదివారం ఉదయం మిగిలిన చింతమొద్దుల్లో అన్నిటికంటే పెద్దదాన్ని దొర్లించి ఎక్కించాము. మా తోటలో పనిచేసే పెద్దాయన నా లివరు వైపు చూడనే లేదు, మొద్దు కోసిన ముఖం మీద చెయ్యి వేసి, నడుమ నుంచి అంచు దాకా వచ్చిన సన్నని పగులును వేలితో చూపించి, "దీన్ని చీలకు ఎదురుగా పెట్టు బాబూ, అదే దారి చెబుతుంది" అన్నాడు. అలాగే తిప్పి పెట్టాను. చీల అంగుళం దిగేదాకా ముల్లు 90 దగ్గర తచ్చాడి, 130కి ఎక్కి, అక్కడే నిలిచింది. మొద్దు లోపల నుంచి కిర్రుమని ఒక్కో నారా తెగుతున్న చప్పుడు వినిపించింది. అంతలో ముల్లు ఒక్కసారిగా 40కి పడిపోయింది. రెండు చెక్కలూ విడ్డాయి గానీ, మధ్యలో తాళ్ళలా నాలుగు నారపోగులు వేలాడుతూనే ఉన్నాయి. వాటిని కత్తితో కోశాము. లోపలి చేవ నల్లటి ఊదారంగులో తడిగా మెరిసింది.

ఇక్కడ నీతో ఒక తగాదా ఉంది. నీది 27 టన్నులని గొప్పగా రాశావు. నాకు 12తో చింత చీలింది. బలం చాలకపోవడం నాకు ఒక్కసారీ రాలేదు, వచ్చిన ఇబ్బందంతా ఆ బలాన్ని పట్టి నిలిపే ఇనుము దగ్గరే. పీడనం హద్దు మీరితే ఆయిలును టాంకులోకి వదిలేసే ఉపశమన వాల్వును 150 దగ్గర బిగించి, ఎవరూ ముట్టకుండా దాని మీద డబ్బా మూత కొట్టాను. లివరు వదిలితే దానంతటదే నడిమికి వచ్చి తోపు ఆపేసే రకం పెట్టాను, దాన్ని పట్టుకున్న మనిషి తప్ప ఇంకెవ్వరూ మొద్దు మీద చెయ్యి వేయకూడదని కట్టడి చేశాను. గొట్టం ఎక్కడైనా కారుతున్నదని అనుమానం వస్తే నీవు చేతితో మాత్రం తడమకు. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిలు చర్మంలోకి దూసుకుపోతుంది, బయటికి చిన్న చుక్కే కనిపించినా లోపల కుళ్ళుతుంది. నేను అట్టముక్క అడ్డుపెట్టి చూస్తున్నాను.

మొత్తం ఖర్చు 60 వేలు దాటలేదు, అందులో వంగిపోయిన ఛానల్ వెల్డింగు కూలి కూడా ఉంది. ఆ ఛానల్‌ను పశువుల తొట్టికి ఆసరాగా పెట్టాను, వంపు చూసి వచ్చినవాళ్ళంతా అడుగుతున్నారు.

నాకు నీవు చేయవలసిన పని ఒకటుంది. నీ యంత్రం చీల పదును దగ్గర ఎంత మందం ఉందో, వెనక్కి పోను పోను ఎంత వెడల్పు అవుతున్నదో టేపు పెట్టి కొలిచి రాయి. నాది 25 మిల్లీమీటర్ల పలకతో చేసినది, వెనక భాగం ఇంకొంచెం విచ్చుకుంటే ఆ నారపోగులు కూడా కత్తి అవసరం లేకుండా తెగుతాయని నా అనుమానం. కొలతలు రాగానే పలక కోయిస్తాను. రెండో బ్యారన్ ఎల్లుండి నింపుతున్నాము.

నీ మిత్రుడు.