బ్రిజిడ్ పండుగకు పాత వేర్లు

సంపాదకులకు,

ఐర్లండులో 2023 నుంచి ఫిబ్రవరి మొదట్లో ఇస్తున్న సెలవును కేవలం సెయింట్ బ్రిజిడ్ (ఐర్లండువారు కొలిచే క్రైస్తవ సన్యాసిని) పేరిట వచ్చిన క్రైస్తవ పర్వదినంగా మీ పత్రిక పరిచయం చేయడం అసంపూర్ణంగా ఉంది. ఫిబ్రవరి 1న వచ్చే ఇంబోల్క్, చలికాలం చివర గొర్రెలు ఈని పాలకు వచ్చే వేళతో ముడిపడిన పాత గేలిక్ (ఐర్లండు, స్కాట్లండుల ప్రాచీన భాషా సంస్కృతికి చెందిన) ఋతుసంధి పండుగ. బ్రిజిడ్ అనే దేవత ప్రస్తావన కూడా ప్రాచీన ఐరిష్ రచనల్లో కనిపిస్తుంది. ఆ దేవతే సెయింటుగా మారిందా అన్నదానిపై పండితుల్లో వాదం ఉంది కనుక, ఒక పక్షాన్నే చెప్పడం తగదు.

ఇక ఆచారాల విషయానికొస్తే, బ్రిజిడ్ పండుగ ముందురోజు సాయంత్రం గుమ్మం బయట గుడ్డ ఉంచి, రాత్రి మంచుకు తడిసిన దానిని తలనొప్పికి మందుగా దాచుకునేవారు. పచ్చి తుంగను (కోయకుండా చేత్తో పీకాలని ఆచారం) మధ్యలో చతురస్రం వచ్చేలా మడిచి, నాలుగు చేతుల శిలువ అల్లి, గుమ్మంపైన దోపడం నేటికీ ఉంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, డబ్లిన్